తత్సమం: వ్యాకరణంలోని మాటా, బీజగణితంలోని మాటా ఒకటేనా?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం గణితం చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. ఈ సెమిస్టరులో అమూర్త బీజగణితం మొదలైంది. మా అధ్యాపకులు పాఠం ఇంగ్లీషులో చెబుతారు. నేను గదికి వచ్చి తెలుగు పుస్తకం దగ్గర పెట్టుకుని మళ్ళీ చదువుకుంటాను. సమూహం (ఒక సమితి, అందులోని రెండేసి మూలకాలను కలిపే ఒక పరిక్రియ) నిర్వచనంలో సంవృత ధర్మం (ఫలితం ఆ సమితిలోనే ఉండడం), సహచర ధర్మం (ఏ జంటను ముందు కలిపినా ఫలితం మారకపోవడం) తర్వాత తత్సమ మూలకం ఉండాలని రాసి ఉంది. బడిలో మా తెలుగు మాస్టారు తత్సమం అంటే సంస్కృతంతో సమానమైన పదమనీ, తద్భవం అంటే దాని నుంచి పుట్టిన పదమనీ చెప్పారు. మరి సమూహంలో 'తత్' అంటే ఏది? దేనితో సమం? సంకలన తత్సమం సున్న, గుణకార తత్సమం ఒకటి అని చిన్నప్పుడు బట్టీపట్టాను గానీ, ఆ మాట అక్కడికి ఎందుకు వచ్చిందో ఏనాడూ ఆలోచించలేదు. పెద్దలు వివరించగలరు.

ఒక అధ్యాపకుడి సమాధానం:

'తత్' అంటే ఏది అని మీరు అడిగిన చోటే ఈ మాట కీలకం ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

తత్ అనేది సంస్కృతంలో సర్వనామం. 'అది' అని అర్థం. సర్వనామానికి తనదంటూ స్థిరమైన వస్తువు ఉండదు. మనం అప్పటికి దేని గురించి మాట్లాడుకుంటున్నామో దాన్ని వేలుపెట్టి చూపించడమే దాని పని. మన వ్యాకర్తలు తెలుగు పదజాలాన్ని వర్గీకరించేటప్పుడు వారి ఎదుట ఉన్నవి సంస్కృత ప్రాకృతాలు. అందుచేత చిన్నయసూరి బాలవ్యాకరణంలో తత్సమానికి చెప్పిన లక్షణం ఆ రెండు భాషలతో తుల్యంగా ఉండడమే. 'విద్యా' అనే సంస్కృత పదం తెలుగులోకి 'విద్య'గా వస్తే తత్సమం, 'విద్దె'గా వస్తే తద్భవం. వ్యాకరణ పాఠాల్లో 'తత్' ఎప్పుడూ ఆ ఒక్కదాన్నే చూపిస్తూ రావడం వల్ల అది సర్వనామమన్న సంగతి మరుగునపడింది. తత్సమం అనగానే సంస్కృత పదం అని మన నోటికి రావడం అందువల్లనే.

బీజగణితంలో ఆ 'తత్' తిరిగి సర్వనామంగా పనిచేస్తుంది. సమూహం నుంచి మీకు నచ్చిన మూలకాన్ని తీసుకోండి. దాన్ని 'క' అందాం. తత్సమ మూలకాన్ని 'క'తో కలిపితే ఫలితం 'క'యే. ఇక్కడ తత్ అంటే 'క'. మీరు 'చ'ను తీసుకుంటే తత్ అంటే 'చ'. సమూహంలో లక్ష మూలకాలుంటే, వాటిలో దేన్ని తీసుకుంటే అదే 'తత్' అవుతుంది. భాషలో సర్వనామం చేసే పనినే గణితంలో చరరాశి చేస్తుంది కనుక, 'తత్సమం' అనే ఒక్క మాటలోనే నిర్వచనమంతా ఇమిడిపోయిందని నాకు అనిపిస్తుంది. ఇంగ్లీషులోని ఐడెంటిటీ అనే మాటలో ఈ సౌలభ్యం లేదు. అది సమానత్వాన్ని చెబుతుంది గానీ దేనితో సమానమో చెప్పదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. వ్యాకరణంలో 'విద్య' అనే పదమే తత్సమం. అంటే ఆ పదమే దేనితోనో సమానంగా ఉంది. సమూహంలోని తత్సమ మూలకం అలా 'క'తో సమానంగా ఉండదు. పూర్ణాంకాల సంకలనంలో సున్న 7తో సమానం కాదు. 7కు సున్న కలిపితే వచ్చినది 7తో సమానం. కాబట్టి రెండు చోట్లా రూపం ఒకటే అయినా విగ్రహవాక్యం ఒకటి కాదు. వ్యాకరణంలోని తత్సమం 'దానితో సమము' అనే తృతీయా తత్పురుష. బీజగణితంలోని మాటను 'తత్సమమైన ఫలం కలది' అని బహువ్రీహిగా విప్పుకుంటేనే అర్థం నిలుస్తుంది. చక్రపాణి అన్నప్పుడు చక్రమూ కాదు, పాణీ కాదు, ఆ రెండింటికీ వెలుపల ఉన్న విష్ణువు ఎలా స్ఫురిస్తాడో, ఇక్కడ కూడా 'అది'నీ 'సమము'నూ దాటి, ఆ సమత్వాన్ని కలిగించే మూడో వస్తువు స్ఫురించాలి. మీకు కలిగిన అయోమయం తత్పురుష అర్థాన్ని బహువ్రీహి ఉండవలసిన చోట పెట్టి చదవడం వల్ల వచ్చింది. మా తరగతిలో కూడా ఏటా కొందరు తత్సమ మూలకం అంటే మిగతా మూలకాలన్నిటితో సమానమైన మూలకం అని రాస్తారు. వారికి గణితం రాక కాదు, సమాసం విప్పి చెప్పేవారు లేక.

మీకు తెలిసిన వస్తువులతోనే ఒక సమూహాన్ని కట్టి చూపిస్తాను. ఛందస్సులో మూడక్షరాల గణాలు ఎనిమిది: మ, య, ర, స, త, జ, భ, న. మగణంలో మూడూ గురువులు, నగణంలో మూడూ లఘువులు. భ, జ, స గణాల్లో ఒక్కటే గురువు. అది వరుసగా మొదట, నడుమ, చివర ఉంటుంది. య, ర, త గణాల్లో ఒక్కటే లఘువు; అదీ ఆ క్రమంలోనే ఉంటుంది. ఇప్పుడు రెండు గణాలను కలపడానికి ఒక నియమం పెట్టుకుందాం. ఒకదాని కింద ఒకటి రాసి, ఏ స్థానంలో రెండూ ఒకేలా ఉంటే అక్కడ లఘువు, వేరుగా ఉంటే అక్కడ గురువు రాయాలి. యగణం లఘువు, గురువు, గురువు. రగణం గురువు, లఘువు, గురువు. మొదటి స్థానంలో తేడా ఉంది కనుక గురువు, రెండో స్థానంలోనూ తేడాయే కనుక గురువు, మూడో స్థానంలో రెండూ గురువులే కనుక లఘువు. వచ్చినది తగణం.

ఏ రెండు గణాలను కలిపినా ఈ ఎనిమిదింటిలో ఒకటే వస్తుంది కనుక సంవృత ధర్మం ఉన్నట్టే. మూడు గణాలను ఏ జంటతో మొదలుపెట్టి కలిపినా, ఒక స్థానంలో ఉన్న గురువుల సంఖ్య బేసి అయితే అక్కడ గురువు, సరి అయితే లఘువు మిగులుతాయి కాబట్టి సహచర ధర్మమూ ఉంది. ఇక నగణాన్ని ఏ గణం కింద రాసినా ఏమవుతుందో చూడండి. పైన లఘువుంటే రెండూ ఒకటే కనుక లఘువు, పైన గురువుంటే తేడా ఉంది కనుక గురువు. అంటే పైనున్నది పైనున్నట్టే కిందికి దిగుతుంది. భగణానికి నగణాన్ని కలిపితే భగణం, జగణానికి కలిపితే జగణం. నగణం భగణంతో సమానం కాదు, జగణంతోనూ కాదు; అయినా ఈ ఎనిమిదింటికీ తత్సమ మూలకం అదే. బహువ్రీహి అని నేను అన్నది ఈ విషయాన్నే.

ఒకే సమూహంలో తత్సమాలు రెండు ఉండగలవా అన్నది మీ పుస్తకంలో మొదటి సిద్ధాంతాలలో ఒకటిగా ఉంటుంది. దానికి జవాబు కూడా ఈ మాట నుంచే తీయవచ్చు. 'ప', 'ఫ' అనే రెండూ తత్సమాలే అనుకోండి. ఆ రెండింటినీ కలిపితే, 'ఫ' తత్సమం కనుక ఫలం 'ప' కావాలి. 'ప' తత్సమం కనుక అదే ఫలం 'ఫ' కావాలి. ఒక్క ఫలానికి రెండు పేర్లు వచ్చాయంటే 'ప', 'ఫ' ఒకటే. ఇక్కడ తత్సమం ఎడమవైపు నుంచీ కుడివైపు నుంచీ పనిచేయాలన్న నియమాన్ని వాడుకున్నామని గమనించండి. స్థిత్యంతర ధర్మం (కలిపే వరుస మారినా ఫలం మారకపోవడం) లేని సమూహాల్లో ఈ జాగ్రత్త తప్పనిసరి.

మరొక్క మాట. ఇంగ్లీషులో ఐడెంటిటీ అన్న చోటల్లా తెలుగులో తత్సమం అనకూడదు. రెండు పదాల మొత్తాన్ని వర్గం చేసే సూత్రం వంటివాటిని మన బడి పుస్తకాలు సర్వసమీకరణాలు అంటాయి. చరరాశికి ఏ విలువ ఇచ్చినా నిజమయ్యే సమీకరణం కనుక అక్కడ 'సర్వ' అన్నది సరిపోయింది. ఇచ్చిన దాన్ని ఇచ్చినట్టే తిరిగి ఇచ్చే ప్రమేయాన్ని మాత్రం ఇంటర్మీడియట్ పుస్తకం తత్సమ ప్రమేయం అంటుంది. ప్రమేయాల సంయోగంలో అది నిజంగానే తత్సమ మూలకం. ఇంగ్లీషు ఒకే మాటతో సరిపెట్టిన చోట తెలుగు రెండు భావాలకు రెండు మాటలు పెట్టుకుంది. దీన్ని మనం పోగొట్టుకోకూడదు.

మరొక సభ్యుడి అభ్యంతరం:

వివరణ బాగుందండీ. కానీ మాట చూడగానే అర్థం తెలియాలి తప్ప, సమాసం విప్పి, అది తత్పురుష కాదు బహువ్రీహి అని తేల్చుకున్నాక తెలియడం విద్యార్థికి భారం కాదా? ఫ్రెంచివారు దీన్ని తటస్థ మూలకం అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారని విన్నాను. మనమూ 'తటస్థం' అంటే వ్యాకరణంతో గొడవ ఉండదు. కాదంటే 'ఏకాంకం' అన్నా సరిపోతుంది గదా.

అధ్యాపకుడి జవాబు:

మీరు విన్నది నిజమేనండీ. ఫ్రెంచిలోనే కాదు, జర్మన్‌లోనూ తటస్థ మూలకం అనే వాడుక ఉంది. కొత్తగా మాట కట్టుకునే అవకాశం ఉంటే నేను కూడా దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేను. కానీ తటస్థం అన్నది ఒడ్డున నిలబడి ఉండడాన్ని చెబుతుంది. పక్కకు తప్పుకున్న భావం అందులో బలంగా ఉంది. తత్సమ మూలకం పరిక్రియలో దిగుతుంది, దిగి ఎదుటిదాన్ని ఉన్నదున్నట్టు నిలబెడుతుంది. ఆ మూలకం ఏం చేయదో తటస్థం చెబుతుంది. ఫలితం ఏమిటో తత్సమం చెబుతుంది. లెక్క చేసేవాడికి రెండోదే ఎక్కువ అవసరం.

ఏకాంకాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. ఇంగ్లీషు గణితవేత్త ఆర్థర్ కేలీ 1854లో సమూహాన్ని నిర్వచించినప్పుడు ఆ మూలకాన్ని 1 అనే అంకెతోనే రాశారు. గుణకారం తలపులో పెట్టుకుంటే అది సహజమే. కానీ పూర్ణాంకాల సంకలన సమూహంలో ఆ మూలకం సున్న. 'ఈ సమూహంలో ఏకాంకం సున్న' అని బల్ల మీద రాస్తే, అప్పుడే ఈ శాస్త్రంలో అడుగుపెట్టిన పిల్లలు ఎంత తికమకపడతారో ఊహించండి. తత్సమం ఏ అంకెకూ కట్టుబడదు. పైగా సంకలన తత్సమం, గుణకార తత్సమం అని ఏడెనిమిది తరగతుల్లోనే నేర్చుకున్న మాటను డిగ్రీలో వదిలేసి కొత్త మాట అందుకోమనడం న్యాయం కాదు.

సమాసం విప్పుకోవడం భారమన్నారు. ఒక్కసారి విప్పుకుంటే ఆ శ్రమకు తగిన ఫలం దక్కుతుందని నా అనుభవం. తత్సమం వెంటనే వచ్చే విలోమాన్నే తీసుకోండి. లోమం అంటే వెంట్రుక. వెంట్రుకల వాలు వెంట పోతే అనులోమం, వాలుకు ఎదురు పోతే విలోమం. పద్యాన్ని చివరి నుంచి మొదటికి చదివే విలోమ రచన మన సాహిత్యం ఎరిగినదే. సమూహంలో 'క' విలోమం అంటే 'క'తో కలిసి తత్సమాన్ని ఇచ్చేది. 'క', 'చ'లను ఆ వరుసలో కలిపినప్పుడు వచ్చేదానికి విలోమం రాయాలంటే ముందు 'చ' విలోమం, తర్వాత 'క' విలోమం రాయాలి. పద్యం వెనక్కి తిరిగినట్టు వరుస తిరగబడాలి. చొక్కా తొడిగి దాని మీద కోటు తొడిగినవారు విప్పేటప్పుడు కోటే ముందు విప్పుతారు. విలోమం అనే మాటలోనే ఎదురునడక ఉందని తెలిసిన విద్యార్థి ఈ సూత్రంలో వరుసను మార్చడం మరిచిపోవడం నేను అరుదుగా చూశాను. ఇన్వర్స్ అని మాత్రమే విన్నవారు తరచుగా మరిచిపోతారు.

నేను కట్టిన గణాల సమూహంలో ఈ వరుస తేడా బయటపడదు, ఎందుకంటే అక్కడ స్థిత్యంతర ధర్మం ఉంది; అంతేగాక ఏ గణాన్ని దానితోనే కలిపినా అన్ని స్థానాల్లోనూ లఘువులే వస్తాయి కనుక ప్రతి గణమూ తనకు తానే విలోమం. ప్రశ్న అడిగినవారు ఆ ఎనిమిది గణాల పట్టికను ఒకసారి తమ చేత్తో వేసుకుంటే మంచిది. గురువుల సంఖ్య సరిసంఖ్య అయిన న, య, ర, త గణాలను విడదీసి వాటిలో వాటిని కలిపి చూడమని, మిగిలిన నాలుగింటితోనూ అదే చేయమని సూచిస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ. రాత్రి పట్టిక వేశాను, అరవై నాలుగు గళ్ళూ నిండాయి. న, య, ర, త గణాలలో ఏ రెండింటిని కలిపినా ఆ నాలుగింటిలోనే ఒకటి వస్తోంది. తత్సమమైన నగణం అందులోనే ఉంది, ప్రతిదానికీ దాని విలోమమూ అందులోనే ఉంది. కాబట్టి అది ఉపసమూహం. మిగిలిన మ, స, జ, భ గణాలతో అలా కుదరలేదు. జ, స కలిపితే య వచ్చింది, భ, స కలిపితే ర వచ్చింది. ఏ రెండు కలిపినా ఫలితం మొదటి నాలుగింటిలోకి పోతోంది. వీటిలో నగణం లేనే లేదు కనుక ఇది ఉపసమూహం కాదని పట్టిక వేయకముందే చెప్పి ఉండవలసింది. కానీ మొదటి నాలుగింటికీ మగణాన్ని కలిపితే సరిగ్గా ఈ నాలుగే వస్తున్నాయి. మా పుస్తకంలో తర్వాతి అధ్యాయం పేరు సహసమితులు. ఇది అదేనా?