రెండూ ఎక్స్52 పైపులే, ఒకదాన్నే తుప్పు ఎందుకు తినేస్తోంది?

అంబత్తూరు_ఇన్‌స్పెక్షన్:
ఫ్లోలైను (బావి నుంచి చమురు, గ్యాసు తెచ్చే పైపులైను) నుంచి కోసిన రెండు ముక్కలు చెన్నైలోని మా ల్యాబులో ఉన్నాయి. రెండూ ఏపీఐ 5ఎల్ ఎక్స్52 (పైపులైన్లకు వాడే ఉక్కు గ్రేడు), హీట్లు, అంటే ఉక్కు కరిగించిన విడతలు, వేరు. లైన్లో ఉప్పునీరు, కార్బన్ డయాక్సైడ్, వేడి 45 డిగ్రీలు. ఒకదాని అడుగున, గడియారంలో ఆరు ఉండే చోట, లోతైన గుంటలు, రెండోది దాదాపు నునుపు. మిల్లు సర్టిఫికెట్లో అదే వరుసలో కార్బన్ 0.18, 0.09 శాతం; గంధకం 0.012, 0.003 శాతం. ఈ అంకెలు సరిపోతాయా, మైక్రోస్కోపు కింద లోపలి నిర్మాణం కూడా చూడాలా?

తుప్పువేట:
చూడాల్సిందేనండీ. కార్బన్ ఎంతుందో సర్టిఫికెట్ చెబుతుంది, అది ఎలా పరుచుకుందో చెప్పదు. 0.18 ముక్కలో పెర్లైట్ (సిమెంటైట్, ఫెర్రైట్ పొరలు కలిసిన భాగం) ఎక్కువ, బహుశా పట్టీలుగా సాగి ఉంటుంది. అందులోని సిమెంటైట్ (ఐరన్ కార్బైడ్) కరగదు, పక్కనున్న ఫెర్రైటే (దాదాపు స్వచ్ఛమైన ఇనుము) కరుగుతుంది. ఫెర్రైట్ పోయేకొద్దీ సిమెంటైట్ అస్థిపంజరంలా పైన మిగిలి కాథోడ్ (తాను కరగకుండా పక్కనున్న ఇనుమును కరిగించే భాగం) పెరుగుతుంది, తుప్పు జోరందుకుంటుంది.

అలాగని పెర్లైట్‌ను పూర్తిగా తప్పుపట్టకండి. 80 డిగ్రీల్లో ఆ అస్థిపంజరమే ఉక్కును కాపాడే ఐరన్ కార్బొనేట్ పొరను పట్టి ఉంచుతుంది. మీ 45 డిగ్రీల్లో పొర అంత గట్టిగా కట్టదు, అందుకే దెబ్బ ఎక్కువ. రెండు ముక్కల క్రోమియం కూడా పోల్చండి. 0.5 నుంచి 1 శాతం ఉంటే తేడా బాగా తెలుస్తుంది.

గిండీ_మెటలోగ్రఫీ:
ముక్కను రోలింగ్ దిశ వెంటే కోయండి, అడ్డంగా కోస్తే పట్టీలు సరిగా కనబడవు. పాలిష్ అయ్యాక ఎచ్ చేయకుండానే (యాసిడ్ పూయకుండానే) 100 రెట్లలో చూడండి: పొడవుగా సాగిన బూడిదరంగు గీతలు మాంగనీస్ సల్ఫైడ్. తర్వాత 2 శాతం నైటాల్, అంటే 98 మి.లీ. ఇథనాల్‌లో 2 మి.లీ. నైట్రిక్ యాసిడ్. యాసిడ్‌నే ఆల్కహాల్‌లోకి పోయాలి. మెరుపు మసకబారగానే, అంటే 5–15 సెకన్లలో, కడిగేయండి. ఆల్కహాల్‌తో కడిగి వేడిగాలితో ఆరబెట్టండి. చెన్నై ఉక్కపోతలో తడి మిగిలితే తెల్లారేసరికి ముక్కంతా ఎర్రబడుతుంది, అదే లోపమనుకుంటారు.

అంబత్తూరు_ఇన్‌స్పెక్షన్:
గ్యాసులో ఇప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా కనిపిస్తోందట. అదీ కలిసినట్టేనా?

తుప్పువేట:
అప్పుడు లెక్క మారిపోతుంది. తుప్పులో పుట్టిన హైడ్రోజన్ ఉక్కులోకి దూరి ఆ సల్ఫైడ్ గీతల దగ్గర చేరుతుంది, పొరల్లా పగులుస్తుంది. 0.012 గంధకం దీనికి పనికిరాదు, 0.002–0.003కు దిగాలి, కాల్షియం ట్రీట్‌మెంట్ (సల్ఫైడ్‌ను గీతలుగా సాగనివ్వకుండా గుండ్రంగా ఉంచేది) ఉండాలి. ఈ పగుళ్లను చూసే నేస్ టీఎం0284 పరీక్ష 96 గంటలు. వెల్డు పక్కన కాఠిన్యం 250 విక్కర్స్ దాటిందేమో అదీ కొలవండి. ఈ విషయంలో క్రోమియం మిమ్మల్ని కాపాడదు.