లిఫ్ట్ చేసిన సెకండ్ హ్యాండ్ పికప్: సస్పెన్షన్‌లో ముందు ఏం మార్చాలి?

అందరికీ నమస్కారం. ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది. కొండదారుల్లో తిరగాలని ఒక పికప్ తీసుకున్నాను. పాత ఓనరే ఎత్తు పెంచాడు. గుంటలో దిగితే ముందు వైపు ఠప్పుమంటోంది, హైవే మీద స్టీరింగ్ అటూ ఇటూ తేలిపోతోంది. మంచి షాక్స్ (షాక్ అబ్జార్బర్లు) వేయిస్తే సరిపోతుందా? ఫొటోలు పెట్టాను.

జవాబు:

ఫొటోలు చూశానండీ. షాక్స్ ఒక్కటే మారిస్తే తీరే సమస్య కాదిది. మొదటి ఫొటోలో స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగూ షాకూ కలిసి ఉండే భాగం) నెత్తిన వెండిరంగు బిళ్ళ ఉంది చూడండి, అది స్పేసర్. బండిని లేపింది అదే, కింద స్ప్రింగూ షాకూ కంపెనీతో వచ్చినవే. బిళ్ళ అంగుళం మందమే ఉన్నా చక్రం దగ్గర దాదాపు రెండు అంగుళాలు లేస్తుంది. స్ట్రట్ కింది కొసను బిగించేది కింది ఆర్మ్ మధ్యలో కాబట్టి. ఇప్పుడు చక్రం గుంటలోకి వేలాడితే పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపి ఉంచే పై చేయి) వెళ్లి స్ప్రింగుకు తగిలే అవకాశం ఉంది. టార్చి వేసి ఆర్మ్ లోపలి అంచు చూడండి. పెయింట్ లేచి ఇనుము మెరుస్తుంటే ఆ ఠప్పు అక్కడిదే. చేతితోనే సీవీ బూట్ (ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు మీది రబ్బరు తొడుగు) మడతలు కూడా తడమండి, వేలికి గ్రీజు అంటితే బూట్ చిరిగినట్టు.

స్టీరింగ్ తేలడం ఎక్కువగా క్యాస్టర్ (చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గడం వల్ల వస్తుంది. ముందు భాగం లేపితే ఆ కోణం తగ్గి, స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. లిఫ్ట్ కోసం చేసిన అప్పర్ (పై) కంట్రోల్ ఆర్మ్స్ వేసి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయిస్తే చాలావరకు దారికొస్తుంది. అయితే ముందు టై రాడ్లు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీలు), బాల్ జాయింట్లు (ఆర్మ్ చివరి గుండ్రటి కీళ్లు) వదులుగా ఉన్నాయేమో చూపించండి. ఎత్తు 2 నుంచి 3 అంగుళాల దగ్గర ఆపేయండి. అది దాటితే డిఫరెన్షియల్‌ను (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) కూడా కిందికి దించాల్సి వస్తుంది, మీరు వెళ్లే దారులకు అది అక్కర్లేదు.

వెనక ఇరుసుకీ లీఫ్ స్ప్రింగులకీ (పట్టీల స్ప్రింగులు) మధ్య దిమ్మ పెట్టారు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇరుసు మెలితిరిగి వణుకుతుంది. దాన్ని తీసేసి, సరైన ఎత్తున్న కొత్త లీఫ్ సెట్ వేయించండి. యూ-బోల్టులు (ఇరుసును లీఫ్‌లకు బిగించే U ఆకారపు బోల్టులు) కొత్తవే వాడాలి, పాతవి మళ్లీ బిగించొద్దు.

స్ప్రింగులు ఆర్డర్ పెట్టే ముందు బండిని తప్పకుండా తూకం వేయించండి, ముందు ఇరుసు బరువు వేరు, వెనకది వేరు. విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), టూల్‌బాక్స్, కెనపీ (వెనక తొట్టికి వేసే పైకప్పు) లాంటివి ఎప్పుడూ బండి మీదే ఉంటాయంటే వాటితోనే తూచాలి. ఎప్పుడో ఒకసారి వేసే బరువు కోసం గట్టి స్ప్రింగులు కొంటే, మిగతా రోజులన్నీ ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, టైరు నేలను పట్టుకోదు. స్ప్రింగు మార్చినంత మాత్రాన కంపెనీ చెప్పిన బరువు పరిమితి పెరగదు, ఇది మాత్రం మరిచిపోకండి.

షాక్స్ సంగతి దీని తర్వాతే. గంటల తరబడి గతుకుల్లో నడిపితే మామూలు ట్విన్‌ట్యూబ్ (రెండు గొట్టాల) షాక్‌లో ఆయిల్ వేడెక్కి నురగ కట్టి పట్టు తప్పుతుంది. బిల్‌స్టీన్ 5100 లాంటి మోనోట్యూబ్ (ఒకే గొట్టం) షాక్‌లో గ్యాస్‌నీ ఆయిల్‌నీ ఒక పిస్టన్ వేరుగా ఉంచుతుంది, అందుకే వేడికి తట్టుకుంటుంది. మీ అవసరానికి అది చాలు.

నాకు జరిగింది కూడా చెప్పాలి. ఒక షెడ్డులో ఆర్మ్స్ మార్పిస్తే, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే రబ్బరు బుష్ (ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు తొడుగు) బోల్టులు పూర్తిగా బిగించేశారు. బండి దించగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోయింది, కొన్ని నెలలకే చీలికలు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టులు ఆఖరి బిగింపు బిగించాలి. పక్కన నిలబడి మరీ అడగండి. మొహమాటపడొద్దు.

థాంక్స్ అండీ. ఇదంతా ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

వెనక పని జాక్ స్టాండ్లు, టార్క్ రెంచ్ (ఎంత బిగించాలో కొలిచి చూపే స్పానర్) ఉంటే చేసుకోవచ్చు. 800 కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు మళ్లీ బిగించాలి. ముందు స్ట్రట్ మాత్రం ఇంట్లో విప్పొద్దండీ. నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగ్ అది, పై నట్టు ఊడితే ప్రాణం మీదకొస్తుంది. స్ప్రింగ్ అమర్చిన అసెంబ్లీనే కొనండి. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) వైరు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు లాగినట్టు కాకూడదు. హెడ్‌లైట్ల కోణం సరిచేయించండి. ఇన్సూరెన్స్ వాళ్లకు లిఫ్ట్ సంగతి రాతపూర్వకంగా చెప్పండి, మీరుండే చోట ఎంత ఎత్తు అనుమతిస్తారో కనుక్కోండి. తూకం చీటీ వచ్చాక రెండు అంకెలూ ఇక్కడే పెట్టండి, ఏ స్ప్రింగు సరిపోతుందో కలిసి చూద్దాం.