సమస్యాపూరణం: చచ్చిన సెనేటు బ్రతికించె సభను నేఁడు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతిలో చివరి పాదం:

*చచ్చిన సెనేటు బ్రతికించె సభను నేఁడు*

యతి చ–స. దత్తాంశం అమెరికా సెనేటర్ రాబర్ట్ బైర్డ్. వెస్ట్ వర్జీనియా మనిషి. బొగ్గుగని కార్మికుడి ఇంట్లో పెరిగి, మాంసం కొట్టులో పనిచేసి, 1959 నుంచి 2010లో చనిపోయేదాకా సెనేట్‌లోనే ఉన్నాడు. 1993లో మే నుంచి అక్టోబర్ దాకా ప్రాచీన రోము సెనేట్ మీద 14 ప్రసంగాలు చేశాడు, అదీ కాగితం చూడకుండా. బడ్జెట్ బిల్లులో తనకు నచ్చని పద్దును మాత్రం అధ్యక్షుడు కొట్టేసే అధికారం, అంటే లైన్ ఐటమ్ వీటో, ఇవ్వాలని అప్పట్లో గట్టిగా ప్రయత్నం జరిగింది. దానికి అడ్డుగా ఈయన రోమును తెచ్చి నిలబెట్టాడు. ఖజానా తాళం చేతిలో ఉన్నన్నాళ్లు రోము సెనేట్ బతికింది, దాన్ని సీజర్ల చేతిలో తనంతట తానే పెట్టి చచ్చింది, మీరూ అదే చేయబోతున్నారు అన్నది ఆయన వాదన.

ఇదే మనిషి యవ్వనంలో, నల్లవారిని హింసించిన తెల్లవారి ముసుగు సంఘం కూ క్లక్స్ క్లాన్‌లో స్థానిక నాయకుడు. పొగిడినా తిట్టినా మీ ఇష్టం. గణం, యతి మాత్రం తప్పొద్దు.

చంపకం:

రోము చరితను పదునాల్గు రోజులందు
బైర్డు వినిపించె వీటోకు బద్ధవైరి;
కోర్టు కొట్టివేసెను దానిఁ గొసకు, నట్లు
చచ్చిన సెనేటు బ్రతికించె సభను నేఁడు.

నిర్వాహకుడు: ధార బాగుంది. మూడో పాదంలో కో–గొ యతి హాయిగా పడింది. చిక్కంతా కథనంలో ఉంది. "పదునాల్గు రోజులందు" అంటే వరసగా రెండు వారాలని అనుకుంటారు. అంతకంటే పెద్దది "అట్లు". ప్రసంగాల వల్ల కోర్టు కొట్టేసిందని అర్థం వస్తోంది, జరిగింది అది కాదు. అన్ని ప్రసంగాలు విన్న సెనేటే 1996లో ఆ చట్టాన్ని 69–31తో ఆమోదించింది. బైర్డ్ కోర్టుకెక్కితే, కేసు వేసే అర్హత నీకు లేదని 1997లో సుప్రీంకోర్టు తిప్పి పంపింది. 1998లో 6–3 తీర్పుతో చట్టం పోయిందంటే అది వేరేవాళ్ల కేసు మీద. న్యూయార్క్ నగరం ఒకటి, ఐడహో బంగాళాదుంప రైతులు ఇంకొకటి. తీర్పుకు ఆధారం కూడా బిల్లు చట్టం కావడానికి రాజ్యాంగం చెప్పిన పద్ధతి. రోము కాదు.

చంపకం: బంగాళాదుంపను తేటగీతిలో ఇరికించడం నా వల్ల కాదు మాస్టారూ! అయినా గెలిచిన వాదన ఆయనదే కదా, కోర్టులో నిలబడింది ఎవరైతేనేం?

నిర్వాహకుడు: వాదన గెలిచింది, ఒప్పుకుంటాను. కానీ సమస్యలో బతికింది "సభ" అని ఉంది. సభ తన తాళం తానే ఇచ్చేసింది. దాన్ని తిరిగి తెచ్చిచ్చింది న్యాయమూర్తులు. ఇక "నేఁడు" ఎప్పుడు, 1993లోనా 1998లోనా? ఆ మాటకు పద్యంలో జవాబుండాలి.

మత్తకోకిల: నాది ప్రశ్నగా మార్చిన పూరణ.

కేటొ పగలెల్ల మాటాడెఁ గీడు నాప;
నల్లవారి హక్కులకడ్డు నాటి బైర్డు;
తీరదొక్కటె ఫలమొండు, తెలుపుఁ డెట్లు
చచ్చిన సెనేటు బ్రతికించె సభను నేఁడు?

1964 పౌరహక్కుల బిల్లును ఆపడానికి బైర్డ్ జూన్ 9 రాత్రి లేచి 14 గంటల 13 నిమిషాలు మాట్లాడాడు. రోములో పొద్దు గుంకాక సెనేట్ నడవకూడదు కాబట్టి, సీజర్‌కు ఎదురు నిలిచిన సెనేటర్ కేటో చీకటి పడేదాకా మాట్లాడి పని ఆపేవాడు. విద్య ఒక్కటే, వాడుకున్న పని వేరు.

శార్దూలం: అమ్మా, పద్యం ముచ్చటగా ఉంది. "హక్కులకడ్డు" రెండు గణాల మధ్య విరిగినా ధార విరగలేదు. కానీ "కీడు నాప" దగ్గర నేను ఆగిపోయాను. క్రీ.పూ. 59లో కేటో పొద్దస్తమానం మాట్లాడి ఆపబోయింది దేన్ని? సీజర్ తెచ్చిన భూపంపిణీ చట్టాన్ని. సేనాని పాంపే సైనికులకూ రోములో ఉన్న పేదలకూ భూములిచ్చే చట్టం అది. సీజర్ విసిగి కేటోను జైలుకు తీసుకెళ్లమన్నాడు, కొందరు సెనేటర్లు లేచి ఆయన వెంట నడిచారు. కథ వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ చట్టం పోతే నష్టపోయేది ఎవరు? భూమి లేనివాడు. 1964లో బైర్డ్ గెలిచి ఉంటే నష్టపోయేది ఎవరు? ఓటు, హోటలు, బడి లేనివాడు. మీరు దూరం పెట్టిన ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు.

పోనీ ఫలితమైనా వేరా? కేటో ఓడాడు, భూచట్టం వచ్చింది. బైర్డ్ కూర్చున్నాక జూన్ 10నే 71–29తో చర్చకు తెర దించారు, జూలై 2న చట్టం వచ్చింది. "తీరదొక్కటె ఫలమును" అనండి, గణం చెడదు, నిజమూ చెడదు.

మత్తకోకిల: సీజర్‌ను మీరు భూమి పంచే ధర్మరాజును చేస్తున్నారు శార్దూలం గారూ. ఆ చట్టాన్ని నెగ్గించుకోవడానికి తనతో సమాన పదవిలో ఉన్న సాటి కాన్సుల్ నెత్తిన పేడ గంప కుమ్మరించిన గుంపు ఎవరిది? చట్టం మంచిదే, దాన్ని తెచ్చిన చెయ్యి సెనేట్‌ను చంపబోయే చెయ్యి. కేటో చూసింది ఆ చేతిని. బైర్డ్ 1964లో చూసింది ఏ సీజర్‌నూ కాదు, పక్క మనిషి ఒంటి రంగును. "ఫలము" మీద మీ సవరణ తీసుకుంటాను. "కీడు"ను కదపను.

నిర్వాహకుడు: ఇద్దరి మాటా నిలుస్తుంది. "ఫలమును" అన్నప్పుడు మాత్రం "తెలుపుఁ డెట్లు" ఇంకా పదునెక్కుతుంది, గమనించారా? తీరూ ఫలమూ రెండూ ఒకటైతే ఇంక బతికించిందేమిటి అని.

తరళం: గురువులకు నమస్కారం. నాకిది కొత్త.

మూగబోయిన సభలోన ముసలి బైర్డు
యుద్ధ మొద్దని నిలబడి గొంతు నెత్తె
సిసెరొ పలుకాయె నవ్వాణి చెవులకెల్ల;
చచ్చిన సెనేటు బ్రతికించె సభను నేఁడు.

నిర్వాహకుడు: మొదటి పాదం, మూడో పాదం కొత్తవాళ్లవి అనిపించవు. సి–చె యతి వేసే ధైర్యం చాలామందికి రాదు. రెండో పాదంలో యు–గొ కలవవు. ఇలా చూడండి: "గట్టిగా యుద్ధ మొద్దని గళము విప్ప". అప్పుడు మూడో పాదంతో వాక్యం కూడా అతుకుతుంది.

విషయానికొస్తే, 2003 ఫిబ్రవరి 12న ఇరాక్ యుద్ధం ముంగిట సభ నోరు మెదపడం లేదని 85 ఏళ్ల బైర్డ్ నిలదీశాడు. "మూగబోయిన" అన్నది సరిగ్గా ఆ సందర్భానికి తగిన మాట. అయితే అంతకుముందు అక్టోబర్‌లోనే సెనేట్ 77–23తో యుద్ధాధికారం ఇచ్చేసింది, మార్చిలో యుద్ధం మొదలైంది. సిసిరో పోలిక అందుకే బాగా కుదిరింది. రోము వక్త సిసిరో, సీజర్ అనుచరుడు ఆంటోనీకి వ్యతిరేకంగా ఎంత గొప్పగా మాట్లాడినా చివరికి తన తల కాపాడుకోలేకపోయాడు. "బ్రతికించె" అనే బదులు కొనప్రాణం గుర్తొచ్చేలా మూడో పాదంలో ఏదైనా చేయగలరేమో చూడండి.

మాలిని: మేం ఉండేది వెస్ట్ వర్జీనియాలో. ఇక్కడ హంటింగ్టన్ వంతెన ఎక్కితే బైర్డ్, ఛార్లెస్టన్ కోర్టుకెళ్తే బైర్డ్, గ్రీన్‌బ్యాంక్‌లో నక్షత్రాలు చూసే పెద్ద టెలిస్కోపు కూడా బైర్డ్. అందుకని నాకు ఇలా తోచింది:

రోడ్డు రోడ్డున తన పేరె రూఢి చేసి
కొండనాటికిఁ దెచ్చెను కోట్ల నిధులు;
ఖర్చు పద్దుల పగ్గముఁ గాచుకొనఁగ
చచ్చిన సెనేటు బ్రతికించె సభను నేఁడు.

చంపకం: అబ్బ! పూరణ అంటే ఇది అక్కా. రోము రోడ్లనూ లోపలికి లాగారు.

నిర్వాహకుడు: ఇంతవరకు వచ్చినవాటిలో సమస్యతో గట్టిగా ముడిపడింది ఇదే. మిగతావాళ్లు రోము పాఠం నిజమా అబద్ధమా అని చూశారు, మాలిని గారు ఆ పాఠం ఎవరికి లాభమో చూశారు. ఆయన ఏళ్ల తరబడి కేటాయింపుల కమిటీ అధ్యక్షుడు. దేశాధ్యక్షుడి చేతికి పద్దులు కొట్టేసే కలం వస్తే ముందు తెగేవి ఆయన రాష్ట్రానికి వెళ్లే పద్దులే. లాభం ఉన్నంత మాత్రాన వాదన తప్పైపోదు, అది వేరే సంగతి.

మాలిని: ఒక్క మాట చెప్పాలి. ఇక్కడి కొండ ఊళ్లలో ఆ రోడ్డు రాకముందు ఆసుపత్రికి ఎలా వెళ్లేవారో పెద్దవాళ్లను అడిగితే, ఎగతాళి చేయబుద్ధి కాదు. పద్యంలో ఎగతాళి ఉంది, నాలో సగమే ఉంది.

శార్దూలం: సీసం తెచ్చాను. ఎత్తుగీతి చివర సమస్య.

తెల్లముసుగు దాల్చి తిరిగిన దినముల
జాతి పేరిట వేసె సంకెలలను;
పదునాల్గు గంటలు ప్రక్కకు జరుగక
చట్టంబు నాపఁగ జాగుచేసె;
మార్షలు థామసు మాకు వద్దనుచును
ఒంటరియై యోటు నొసఁగకుండె;
తప్పు నాదని యొప్పి తలవంచి తుదకును
పదవిలో నుండియే పలికె నిజము;

అట్టి వాఁడె రోము చరిత నప్పఁజెప్పె;
సభకు గుర్తుచేసెను దన సత్త్వమెల్ల;
మచ్చ మాయదు, మాటయు మాయ దెపుడు;
చచ్చిన సెనేటు బ్రతికించె సభను నేఁడు.

నిర్వాహకుడు: "అప్పఁజెప్పె"కు ఒక శాలువా! చూడకుండా చెప్పాడన్నది ఆ ఒక్క క్రియలో వచ్చేసింది. మూడో పాదం కాస్త విప్పి చెప్పాలి. ఇద్దరూ సుప్రీంకోర్టుకు ఎంపికైన నల్లజాతి న్యాయమూర్తులు. సెనేట్‌లో 1967లో థర్‌గుడ్ మార్షల్‌కు వ్యతిరేకంగా 11 ఓట్లు, 1991లో క్లారెన్స్ థామస్‌కు వ్యతిరేకంగా 48. ఏ ఒక్కసారీ బైర్డ్ ఒంటరి కాడు. ఇద్దరినీ వద్దన్నవాడు ఆయనొక్కడే, ఆ అర్థంలో "ఒంటరి" నిలుస్తుంది. ఇంకోటి, థామస్ తనను లైంగికంగా వేధించాడన్న అనిటా హిల్ సాక్ష్యాన్ని నమ్మానని బైర్డ్ చెప్పాడు. రెండు ఓట్లనూ ఒకే తాడుకు కట్టడం కొంచెం అన్యాయమే.

మత్తకోకిల: ఇప్పుడు నా వంతు శార్దూలం గారూ. "పలికె నిజము" అన్నారు. క్లాన్‌లో కొద్దికాలమే ఉన్నానని, 1943కల్లా ఆసక్తి పోయిందని ఆయన చెప్పుకున్నాడు. 1946లో క్లాన్ పెద్దకు ఉత్తరం రాశాడు, తన రాష్ట్రంలో అది మళ్లీ పుట్టాలని. క్షమాపణలు ఎన్నోసార్లు చెప్పాడు, కాదనను. 2010లో ఆయన పోతే నల్లవారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కూడా సంతాపం తెలిపింది. కానీ తారీఖులు దిద్దుకున్నవాడు చెప్పింది నిజమెలా అవుతుంది? "పలికె సగము" అనండి. మూడు లఘువులకు మూడు లఘువులు.

శార్దూలం: కీడును కదపనని మీరంటే ఊరుకున్నాను, నా నిజం మీద మీ కన్ను పడిందా? సగం అంటే మిగతా సగం ఏదని పాఠకుడు అడుగుతాడమ్మా. సీసపాదంలో చోటెక్కడిది?

మత్తకోకిల: చోటు మీరే ఇచ్చారు. ఎత్తుగీతిలో "మచ్చ మాయదు" ఉంది కదా.

శార్దూలం: ...సరే, "సగము" వేయండి మాస్టారూ.

నిర్వాహకుడు: వేశాను. సంకలనంలోకి శార్దూలం గారి సీసం "సగము"తో, మాలిని గారిది ఉన్నదున్నట్టు, మత్తకోకిల గారిది "ఫలమును"తో, తరళం గారిది రెండో పాదం దిద్దాక. చంపకం గారూ, మీది ఆపి ఉంచాను. ఆ "అట్లు" తీసేసి కోర్టుకూ సభకూ మధ్య ఇంకో దారి చూపించండి. బంగాళాదుంప అక్కర్లేదు, "రైతు" చాలు, గ-లం సరిపోతుంది.