అప్‌డేట్: జులైలో షార్జా బీచ్‌కి వెళ్లొచ్చాం

పిల్లలతో జులైలో షార్జా బీచ్‌కి వెళ్లచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. చాలా నిరాశగా ఉంది.

వేసవిలో మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో కూలీల చేత పని చేయించడమే అక్కడ నిషేధం. అల్ ఖాన్ బీచ్‌లో చెప్పులు విప్పిన పాప రెండడుగులకే ఏడుస్తూ చంకెక్కింది. సాయంత్రం కూడా సముద్రం స్నానానికి కాచిన నీళ్లలా ఉంది. మద్యం నిషేధం, ఒళ్లు కప్పే బట్టలు వగైరా నియమాలు దుబాయ్‌కంటే కఠినమే కానీ మాకేం ఇబ్బంది కాలేదు. మా ఆవిడ పంజాబీ డ్రెస్‌తోనే నీళ్లలోకి దిగింది. హోటల్ వాళ్లు ‘ప్రైవేట్ బీచ్’ అన్నది మాత్రం రోడ్డవతల చిన్న ఇసుక ముక్క, ఒక్క గొడుగూ లేదు. అదే బాధేసింది. పక్కనే ఉన్న షార్జా అక్వేరియం పిల్లలకి బాగా నచ్చింది. మీరు వెళ్తే డిసెంబర్, జనవరి చూసుకోండి.