పాత మైక్ ప్రీయాంప్ (మైక్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే పెట్టె) కొనాలి, 15 వేలలోపు ఏది మేలు?

అందరికీ నమస్కారం. మా అమ్మ పాడే మంగళహారతులు ఇంట్లోనే రికార్డు చేస్తున్నాను. మైక్ షూర్ ఎస్‌ఎమ్ 7బి. దానికి దాదాపు 60 డీబీ (డెసిబెల్) గెయిన్, అంటే సిగ్నల్ పెంపు, కావాలి. మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే నా చిన్న ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పితే అమ్మ గొంతు కంటే ముందు సుయ్‌మనే హిస్ వినిపిస్తోంది. ఆవిడేమో గొంతు పెంచదు, పూజగదిలో పాడుకున్నట్టే పాడుతుంది!

సెకండ్ హ్యాండ్‌లో రెండు ప్రీయాంప్‌లు కనిపించాయి: ఆర్ట్ ట్యూబ్ ఎంపీ, కాస్త ఖరీదుగా గోల్డెన్ ఏజ్ ప్రీ-73. మొదటిది అమెరికా నుంచి తెచ్చిందట, అడాప్టర్ 110 వోల్టులది. ఇక్కడ 9 వోల్టుల ఏసీ అడాప్టర్ విడిగా దొరుకుతుందా? లేక ఇవేవీ వద్దు, మైక్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య పెట్టి సిగ్నల్‌ను 25 డీబీ పెంచే క్లౌడ్‌లిఫ్టర్ అనే చిన్న పెట్టె చాలంటారా?

పాతది చూడటానికి వెళ్తే, నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తుందేమో వినడం తప్ప నాకేం తెలియదు. ఇంకా ఏమేం పరీక్షించాలి?