ఇంటి మందుల చీటీ, దేశపు ఆరోగ్య లెక్క: మద్రాసు తెలుగువారి అనుభవాలు

కొరట్టూరు లెక్కల మాష్టారు:

అందరికీ నమస్కారం. చెన్నైలో ఒక కళాశాలలో గణాంకశాస్త్రం బోధించి ఈ మధ్యనే పదవీ విరమణ చేశాను. గత ఏడాది మా ఇంట్లో వైద్యానికి ఎంత అయిందో మొన్న ఒక కాగితం మీద కూడి చూసుకున్నాను. ఆసుపత్రిలో చేరవలసిన అవసరం మాలో ఎవరికీ రాలేదు. అయినా నా షుగరు మందులు, మా ఆవిడ థైరాయిడ్, బీపీ మాత్రలు, మూడు నెలలకొకసారి రక్తపరీక్షలు, డాక్టర్ల ఫీజులు కలిపితే 41,000 రూపాయలు తేలింది. మా ఇంటి ఏడాది మొత్తం ఖర్చు సుమారు 3,60,000. అంటే పదో వంతు దాటింది. మా ఇద్దరికీ బీమా కార్డులు ఉన్నాయి. ఏడాదంతా అవి బీరువాలోంచి బయటికి రాలేదు.

ఈ పదో వంతు నేను కల్పించుకున్న గీటు కాదు. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 2015లో ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 3.8వది సార్వత్రిక ఆరోగ్య రక్షణ, అంటే డబ్బు ఇబ్బంది పడకుండా అందరికీ వైద్యం అందడం. దాని పురోగతిని చూడటానికి రెండు కొలతలు పెట్టుకున్నారు. మొదటిది సేవల సూచిక: గర్భిణులకు అందే పరీక్షలు, పిల్లల టీకాలు, క్షయ చికిత్స, బీపీ చికిత్స, ఆసుపత్రి పడకలు, వైద్య సిబ్బంది వంటి 14 అంశాలను కలిపి నూటికి ఇచ్చే మార్కు. ఇందులో మామూలు సగటు కాక గుణోత్తర సగటు వాడతారు కాబట్టి, ఒక విభాగంలో బాగా వెనకబడితే మరొక విభాగంలో వచ్చిన మంచి మార్కు ఆ లోటును పూర్తిగా కప్పలేదు. రెండవది, 2025లో మార్చేదాకా వాడినది, తమ మొత్తం ఖర్చులో 10 శాతానికి, లేదా 25 శాతానికి మించి వైద్యానికి సొంత డబ్బు పెట్టుకున్న కుటుంబాల్లో ఎందరు జనం ఉన్నారన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం సేవల సూచికలో ప్రపంచపు మార్కు 2000లో 45, 2021లో 68. అదే 2021కి మన దేశానికి వచ్చింది 63. మన ప్రభుత్వ జాతీయ ఆరోగ్య ఖాతాల్లో మరో మంచి మార్పు కనిపిస్తుంది: మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం జేబులోంచి పెట్టుకున్న వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి దిగింది. ఈ అంకెలను చూసి నేను నిజంగా సంతోషించాను. అయితే నా కాగితం మీది అంకె వాటితో ఎందుకు కలవడం లేదో నాకు తెలియాలి. మద్రాసులో ఉన్న మన తెలుగువారు తమ ఇళ్లలో ఎంత ఖర్చయింది, ఎక్కడ అయింది, ఏ కార్డు పనికివచ్చింది, ఏది పనికిరాలేదు అన్నవి వివరంగా రాయాలని కోరుతున్నాను.

అంబత్తూరు మందుల షాపు:

మాష్టారూ, మీ ప్రశ్నకు సగం జవాబు మా కౌంటరు మీదనే దొరుకుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఈ షాపు నడుపుతున్నాను. నెల మొదటి వారంలో వచ్చేవారు బీపీ మాత్రలు రెండు స్ట్రిప్పులో మూడు స్ట్రిప్పులో అడుగుతారు. ఇరవయ్యో తారీఖు దాటాక అదే మనుషులు వచ్చి నాలుగు మాత్రలు చాలంటారు. అప్పుడు కత్తెరతో స్ట్రిప్పు కోయాలి. తారీఖు, బ్యాచి నంబరు అచ్చయి ఉన్న కొసను మేము షాపులోనే ఉంచుకుంటాము కాబట్టి వారి చేతికి వెళ్లేది ఏ అక్షరమూ లేని రేకుముక్క. అది ఏ మందో ఇంట్లో ఇంకొకరికి తెలియదు. మా వీధి చివర ఇడ్లీలు అమ్మే ఒక పెద్దావిడ షుగరు మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటూ ఆరు నెలలు గడిపిన సంగతి, ఆమె కాలి పుండు చూపించినప్పుడు గానీ నాకు తెలియలేదు.

మన బీమా పథకాలు దాదాపు అన్నీ ఆసుపత్రిలో చేరిన వారికే. తమిళనాడు ముఖ్యమంత్రి పథకం 2009లో మొదలైంది, కేంద్రం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ తెచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు అన్నారు. గుండె ఆపరేషను వచ్చినవారికి అవి ప్రాణదానమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మంచం పట్టకుండా బతకడానికి ఆ మనిషి రోజూ వేసుకోవలసిన మాత్రకు వాటిలో చోటు లేదు. జనం జేబులోంచి పోయే వైద్యపు డబ్బులో మందులదే పెద్ద వాటా అని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి. ఆ డబ్బు నా గల్లాపెట్టెలోకే వస్తుంది కాబట్టి ఈ మాట రాయడం నాకు సులువు కాదు, అయినా రాస్తున్నాను.

ఖర్చు తగ్గించుకోదలచినవారికి జన ఔషధి దుకాణాలు ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం ముదల్వర్ మరుందగం, అంటే ముఖ్యమంత్రి మందుల షాపు, పేరుతో వెయ్యి దుకాణాలు తెరిచింది. మీ చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టరును అడగండి.

గిండీ చిరుద్యోగి:

నా అనుభవం చిన్నది. నేను పనిచేసే చోట జీతం 20,500 ఉన్నంతకాలం నాకు, మా అమ్మానాన్నలకు ఈఎస్ఐలో (ఉద్యోగుల రాజ్య బీమాలో) ఓపీ, మందులు, పరీక్షలు అన్నీ ఉచితంగా జరిగాయి. 22,000 అయ్యేసరికి, ఈఎస్ఐకి జీతం పరిమితి 2017 నుంచి 21,000 దగ్గరే ఉన్నందున, ఆ అర్ధసంవత్సరపు చందా కాలం పూర్తయ్యాక మా పేర్లు తీసేశారు. పెరిగిన జీతం 1,500, నాన్నగారి మందులకు ఇప్పుడు నెలకు అవుతున్నది 2,300. జీతం పెరిగిందని ఇంట్లో చెప్పిన రోజున ఈ సంగతి నాకు తెలియదు. బీమా ఉన్న కుటుంబాల లెక్క తీసేటప్పుడు, ఇలా ఉండి పోగొట్టుకున్నవారిని ఎక్కడైనా రాస్తారా మాష్టారూ?

పెరంబూరు నర్సమ్మ:

నేను ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉన్నాను. మా పరిధిలో నగర పారిశుద్ధ్య పని చేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే.

2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మొదలైన మక్కళై తేడి మరుత్తువం, అంటే జనాన్ని వెతుక్కుంటూ వెళ్లే వైద్యం, మా పనిని చాలా మార్చింది. బీపీ, షుగరు ఉన్నవారి ఇంటికి మా మహిళా ఆరోగ్య కార్యకర్త వెళ్లి, బీపీ చూసి, నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి వస్తుంది. అంబత్తూరు వారు చెప్పిన కత్తెర ఆ ఇళ్లలో అవసరం లేదు. 1995 నుంచి తమిళనాడు వైద్య సేవల సంస్థ మందులన్నీ ఒక్కచోట టోకున కొని, జిల్లా గిడ్డంగుల నుంచి ఒక్కొక్క ఆసుపత్రికి పాసుపుస్తకం పద్ధతిలో పంపడం వల్లనే ఇది సాధ్యమవుతోంది. మందు లేని ఇంటికి మనిషిని పంపి ప్రయోజనం లేదు.

లెక్క దగ్గర మాత్రం నాకొక బాధ ఉంది. మా రిజిస్టరులో మొదటి గడి పేరు నమోదైన తేదీ. అది అందరికీ నిండి ఉంటుంది. పైనుంచి అడిగేదీ చాలాసార్లు ఆ గడి మొత్తమే. కుడిచేతి వైపు చివరి గడిలో ఆ నెల బీపీ ఎంత ఉందో రాయాలి. ఒక పేజీ తెరిచి ఎడమ నుంచి కుడికి వేలు జరుపుకుంటూ వెళితే, నెలలు గడిచేకొద్దీ ఖాళీలు పెరుగుతాయి. కొందరు ఊరికి వెళతారు, కొందరు ఒంట్లో బాగానే ఉందని మానేస్తారు, రాత్రి పాళీ చేసేవారు కార్యకర్త వెళ్లే వేళకు నిద్రలో ఉంటారు. నమోదైనవారు వేరు, బీపీ 140/90 లోపు అదుపులో ఉన్నవారు వేరు. 2017లో కేంద్రం, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి మొదలుపెట్టిన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో (తెలంగాణ కూడా మొదటి రాష్ట్రాల్లో ఉంది) గడిచిన మూడు నెలల్లో ఆఖరుసారి వచ్చినప్పుడు బీపీ అదుపులో ఉన్నదా లేదా అని చూస్తారు. రాకపోతే అదుపులో లేనట్టే. నా దృష్టిలో నిజాయితీగల లెక్క అది. అలా చూసినప్పుడు మా కేంద్రానికి మార్కు తగ్గినా సరే, ఎవరి ఇంటికి మళ్లీ వెళ్లాలో నాకు తెలుస్తుంది.

టి.నగర్ కోడలు:

మా అత్తగారు నెల్లూరు జిల్లాలో ఉంటారు, తెల్ల రేషను కార్డు ఉంది. 2007 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డి గారి కాలంలో కొన్ని జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ మా జిల్లాకు వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో ఆ కార్డును దేవుడి పటం వెనక భద్రం చేసుకుంటారు. 2019 నవంబరు నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాదు నగరాల్లోని కొన్ని ఆసుపత్రుల్లో కూడా అది చెల్లుతుందన్నారు కాబట్టి, ఆమెకు గుండె కవాటం ఆపరేషను అవసరమైనప్పుడు ఇక్కడికే తీసుకువచ్చాము.

ఆపరేషనుకు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు, డాక్టరు బంగారం లాంటి మనిషి. అయితే అనుమతి వచ్చేదాకా ఆగాలంటే రోజులు పడుతుందని, పరీక్షలకు, పడకకు ముందు 38,000 కట్టమన్నారు. కట్టినదానికి ఒక తెల్లచీటీ మీద అంకె వేసి ఇచ్చారే తప్ప రసీదు ఇవ్వలేదు. నా గాజులు తాకట్టు పెట్టి కట్టాము. నెల్లూరు నుంచి వచ్చిన మరుదులకు తిండి, బస, ఆమెకు ఇప్పటికీ నెలనెలా కొంటున్న మందులు, రక్తం పలచదనం చూసే పరీక్షలు వేరు. ప్రభుత్వ పుస్తకంలో ఆమె ఉచితంగా వైద్యం పొందిన మనిషి, అది అబద్ధం కాదు. మా ఇంట్లో ఆ గాజులు ఇంకా విడిపించలేదు, అది కూడా అబద్ధం కాదు.

కొరట్టూరు లెక్కల మాష్టారు:

అమ్మా, ఆ తాకట్టు వడ్డీని కూడా మీ వైద్య ఖర్చు కిందనే రాసుకోండి. సర్వేల్లో ఖర్చు ఎక్కుతుంది, ఖర్చుకు డబ్బు ఎక్కడిదని కూడా అడుగుతారు, కానీ 10 శాతం గీటును లెక్కించేటప్పుడు ఆ తరువాతి ఏళ్ల వడ్డీ అందులోకి రాదు.

గిండీ అబ్బాయి అడిగినది మంచి ప్రశ్న. సర్వే జరిగిన రోజున బీమా ఉన్నదా లేదా అన్నదే నమోదవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో బీమా ఉన్న ఒక్క మనిషైనా ఉన్న ఇళ్లు 41 శాతం అని వచ్చింది. ఒక్కరికి ఉన్నా ఆ ఇల్లు ఆ లెక్కలో చేరుతుంది.

2017-18 జాతీయ నమూనా సర్వేలో ఆసుపత్రిలో చేరిన ఖర్చును గడిచిన 365 రోజులకు, ఓపీ ఖర్చును గడిచిన 15 రోజులకు అడిగారు. మరచిపోకుండా ఉండటానికి అది సరైన పద్ధతే. నన్ను ఆలోచింపజేసేది మరొకటి. ఒక మనిషి డబ్బు లేక వైద్యానికి వెళ్లకపోతే అతని ఖర్చు సున్నా. ఖర్చు భారం లేని ఇంట్లోనూ సున్నా, వైద్యమే అందని ఇంట్లోనూ సున్నా. సొంత ఖర్చు వాటా 39.4కి దిగిందంటే అందులో ప్రభుత్వం ఎక్కువ పెట్టడం ఒక భాగం, అందులోనూ 2021-22 కోవిడ్ టీకాలు వేసిన ఏడాది. ప్రభుత్వ వాటా 28.6 నుంచి 48 శాతానికి పెరగడం మామూలు విషయం కాదు. అయినా 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం పెడతామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పగా, 2021-22లో పెట్టింది 1.84 శాతమే. మన తెలుగువారైన డాక్టర్ కె. శ్రీనాథరెడ్డి గారి అధ్యక్షతన ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం 2011లోనే ప్రాథమిక వైద్యానికి, మందులకు ప్రభుత్వం ఖర్చు పెంచాలని, రోగుల వద్ద రుసుములు వసూలు చేయరాదని చెప్పింది.

కాబట్టి మన లెక్కలో మూడు గడులు పెడదాము: ఎక్కడికి వెళ్లారు, ఎంత అయింది, వెళ్లవలసి ఉండీ వెళ్లనిది ఏమిటి.

సిరుసేరి సైటు మేస్త్రి:

మా దగ్గర పనిచేసేవారు ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లా వారు. రెండేళ్ల క్రితం ఒక కుర్రవాడిని ఓఎమ్మార్ రోడ్డు మీద బైకు గుద్దింది. తమిళనాడులో 2021 డిసెంబరు నుంచి, ప్రమాదం జరిగిన మొదటి 48 గంటలు ఏ రాష్ట్రం వారికైనా వైద్యం ఉచితమని ఆసుపత్రి వారే చెప్పారు. మేము కార్డు వెతుక్కోలేదు, ఎవరూ అడగలేదు, ప్రాణం దక్కింది.

రోడ్డు మీద పడకుండా జబ్బుపడితే ఏమిటన్నదే మా బాధ. కవిటి నుంచి వచ్చిన ఒకాయన, ఉద్దానం కిడ్నీ జబ్బులు చూసిన మనిషి, రెండు నెలలుగా కాళ్లు వాచినా సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చూపించుకుంటానంటున్నాడు. ఇక్కడ తన కార్డు చెల్లదని అతని నమ్మకం. చెల్లుతుందో లేదో నేనూ చెప్పలేకపోతున్నాను. కేంద్ర పథకం జాబితాలో పేరుంటే దేశమంతా చెల్లుతుందని, రాష్ట్రం తన ఖర్చుతో చేర్చుకున్న కుటుంబమైతే అలా కాదని అంటున్నారు. అతను ఏ జాబితాలో ఉన్నాడో అతనికి తెలియదు. పోయే రోజు కూలీ అన్నిటికన్నా పెద్ద అడ్డంకి.

పెరంబూరు నర్సమ్మ:

అన్నా, సంక్రాంతి దాకా ఆగనివ్వకండి. మూత్రంలో ప్రొటీను చూసే పరీక్షకు, బీపీకి, రక్తంలో క్రియాటినిన్‌కు ఏ బీమా కార్డూ అక్కర లేదు. మీ సైటుకు దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి ఉదయం ఎనిమిదికల్లా తీసుకువెళ్లండి, పది గంటలకు పనిలోకి రావచ్చు. నొప్పి మాత్రలు వేసుకుంటున్నాడేమో అడిగి, వేసుకుంటుంటే ఈ రోజే ఆపించండి. వాపు ఉన్న మనిషి కిడ్నీలకు అవి చాలా చేటు.

సిరుసేరి సైటు మేస్త్రి:

అమ్మా, ఈ ఉదయం వెళ్లి వచ్చాము. బీపీ 170/100 ఉంది, రక్తం తీసుకున్నారు, ఎల్లుండి రమ్మన్నారు. నొప్పి మాత్రలు రోజుకు రెండు వేసుకుంటున్నాడట, మానిపించాను.

మాష్టారు చెప్పిన మూడు గడుల పుస్తకం నిన్న సాయంత్రమే మొదలుపెట్టాను. మొదటి పేరు ఇతనిదే. ఎక్కడికి వెళ్లారన్న చోట ఏమీ లేదని, ఎంత అయిందన్న చోట సున్నా అని, మూడో గడిలో కాళ్ల వాపు, రెండు నెలలు అని రాశాను. ఈ రోజు మొదటి గడి దిద్దాను. రెండోది ఇంకా సున్నానే.