ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు అడ్వాన్సులో పట్టుకోవచ్చా?

పై పోర్షన్ ఓనర్:
మా ఇంట్లో అద్దెకున్న కుటుంబం వచ్చే నెల ఖాళీ చేస్తోంది. వాళ్లు దిగినప్పుడు కొత్తగా పెయింట్ వేయించి ఇచ్చాం. మూడేళ్లయింది. హాలు గోడలు మాసిపోయాయి. పిల్లల గదిలో ఒక గోడ నిండా స్కెచ్ పెన్ గీతలు. బాత్‌రూమ్‌కి అవతలి గోడ ఉబ్బి పెచ్చులూడుతోంది. అద్దె మాత్రం ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు. ఇల్లంతా మళ్లీ పెయింట్ వేయించి ఆ ఖర్చు మొత్తం అడ్వాన్సులో పట్టుకుందామని మావారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఓనర్లూ, అద్దెకుండేవాళ్లూ మీ అభిప్రాయం చెప్పండి.

మూడిళ్ల యజమాని:
మనసొప్పకపోవడానికి ఏముందమ్మా? ఎలా తీసుకున్నారో అలాగే అప్పజెప్పాలి. నేనైతే పెయింటింగ్ ఖర్చు వాళ్లదేనని అగ్రిమెంటులోనే రాయిస్తాను, సంతకం పెట్టాకే తాళాలిస్తాను. చదువుకుని పెట్టిన సంతకం మీద తర్వాత గొడవేమిటి? మాసిన గోడలు చూస్తే కొత్తగా వచ్చేవాళ్లు అద్దె తగ్గించమంటారు. ఆ నష్టం మనమెందుకు భరించాలి?

రిజిస్టర్ రాసుకునే ఓనర్:
నేనూ ఇళ్లు అద్దెకిచ్చేవాడినే, కానీ సార్ మాటతో ఏకీభవించను. మనుషులు మూడేళ్లు కాపురముంటే గోడ మాస్తుంది. దానికి డబ్బు నెలనెలా అద్దెలో తీసుకుంటూనే ఉన్నాం. మళ్లీ అడ్వాన్సులో కోస్తే ఒకే పనికి రెండుసార్లు వసూలు చేసినట్టే.

మన కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో రిపేర్ల జాబితా ఉంది. గోడలకు వెల్ల, తలుపులకూ కిటికీలకూ రంగు వేయించడం ఓనర్ పనుల్లో ఉన్నాయి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ల పనుల్లో ఉన్నాయి. రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది, అగ్రిమెంటులో వేరేగా రాసుకునే వీలూ ఉంది. అయినా మామూలుగా ఏది ఎవరి బాధ్యతో అందులో స్పష్టంగానే ఉంది.

జపాన్ ప్రభుత్వ మార్గదర్శకాలు ఇంకా లోతుకు వెళ్తాయి. ఫ్రిజ్ వెనక గోడ నల్లబడటం, ఎండకి రంగు వెలవడం, సోఫా కాళ్ల గుంటలు, పోస్టర్ పిన్నుల రంధ్రాలు మామూలు వాడకం కిందకే వస్తాయి, ఆ ఖర్చు ఓనర్‌దే. సిగరెట్ పొగకి పసుపెక్కిన గోడ, బరువులు తగిలించడానికి కొట్టిన పెద్ద మేకుల రంధ్రాలు అద్దెకున్నవాళ్ల బాధ్యత. అక్కడ కూడా పూర్తి ఖర్చు అడగరు. వాల్‌పేపర్ విలువ 6 ఏళ్లకి 1 యెన్‌కి దిగిపోతుందని లెక్కేస్తారు. 3 ఏళ్లకి పాడైతే అడగాల్సింది సుమారు సగం.

మీ ఇంటికి ఇదే లెక్క వేసి చూడండి మేడమ్. పెయింట్ 5 ఏళ్లు నిలుస్తుందనుకుంటే మిగిలింది 2 ఏళ్లే. స్కెచ్ పెన్ గోడ ఖర్చులో 40 శాతం అడగండి. హాలు మాత్రం మీరే వేయించుకోవాలి.

మూడిళ్ల యజమాని:
ఒక్క గోడకి వేస్తే మిగతా మూడూ వెలిసినట్టు కనబడతాయి. ఏ పెయింటర్ అయినా గదంతా వేయాలనే అంటాడు. ఇంతకీ సంతకం సంగతి చెప్పనేలేదు మీరు.

రిజిస్టర్ రాసుకునే ఓనర్:
గది మాట ఒప్పుకుంటాను. గదంతా వేయించి, ఆ గది ఖర్చులో 40 శాతం అడగొచ్చు. అంతేగానీ ఇల్లంతా కాదు.

సంతకం విషయానికొస్తే, రంగు వేయని ఇల్లు ఇచ్చి, దానికి తగిన పరిహారమూ ఇవ్వకుండా, రంగుల పని మాత్రం అద్దెదారే చేయించాలని అచ్చు అగ్రిమెంటులో రాస్తే చెల్లదని జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2015లో తేల్చింది. మీరు కొత్త పెయింట్‌తో ఇస్తారు కాబట్టి మీ సంగతి వేరు. కానీ సంతకం ఉంటే ఏదైనా చెల్లుతుందనే ధీమా మాత్రం వద్దు.

ఎప్పుడూ అద్దె ఇంట్లోనే:
మా వైపు నుంచి ఒక మాట. అడ్వాన్స్ ఎలాగూ కోసేస్తారని తెలిస్తే చివరి నెలల అద్దె ఎవరూ కట్టరు. అడ్వాన్సులో సర్దుకోండి అంటారు. ఆ తర్వాత నిజంగా ఏదైనా పగిలినా, కరెంటు బిల్లు బాకీ ఉన్నా ఓనర్ చేతిలో పైసా ఉండదు. న్యాయంగా తిరిగిస్తారన్న నమ్మకం ఉంటే చివరి రోజుదాకా అద్దె వస్తుంది, ఇల్లూ కడిగి ఇస్తారు.

ఆ ఉబ్బిన గోడ గురించి ఎవరూ మాట్లాడలేదేంటండీ? అది పిల్లలు చేసిన పని కాదు కదా.

సివిల్ పనుల మనిషి:
ఆ గోడకి ముందే పెయింట్ వేయించకండి, కొన్నాళ్లకే మళ్లీ ఊడుతుంది. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటర్ రీడింగ్ రాసుకోండి, పొద్దున్నే చూడండి. ఎవరూ వాడకపోయినా అంకె కదిలితే ఎక్కడో పైపు కారుతున్నట్టు. కదలకపోతే ఆ బాత్‌రూమ్ కొన్నాళ్లు వాడకుండా ఆపి చూడండి. గోడ ఆరుతూ వస్తే టైల్స్ సందుల్లోంచో నేలలోంచో నీరు దిగుతున్నట్టు. రెండింట్లో ఏదైనా ఖర్చు ఓనర్‌దే. చెమ్మ కనబడినా నెలల తరబడి మీకు చెప్పకుండా ఊరుకున్నారా అన్నది ఒక్కటే వాళ్లని అడగాల్సింది.

బీరువా వెనకో గది మూలల్లోనో వచ్చే నల్ల బూజు వేరు. కిటికీలు మూసి లోపలే తడి బట్టలు ఆరేస్తే వస్తుంది. అయితే గాలి బయటికి పోయే దారి ఓనర్ ఇచ్చారా లేదా అన్నది కూడా చూడాలి.

మూడిళ్ల యజమాని:
పైపు కారితే నాదేనంటాను, అందులో పేచీ లేదు. కానీ గీతలు ముందునుంచే ఉన్నాయని వాళ్లంటే ఏం చేస్తారు?

రిజిస్టర్ రాసుకునే ఓనర్:
అందుకే రిజిస్టర్. దిగే రోజు ప్రతి గదిలో నాలుగు గోడలూ, సింకు కిందా, మీటర్ రీడింగూ ఫోటోలు తీసి వాళ్లకీ పంపిస్తాను. జాబితా మీద ఇద్దరం సంతకం పెడతాం. ఖాళీ చేయడానికి రెండు వారాల ముందు కలిసి ఇల్లంతా చూస్తాం. చిన్నచిన్నవి వాళ్లే సరిచేసుకుంటారు. ఇంగ్లండ్‌లో 2007 నుంచి సాధారణ ప్రైవేటు అద్దెల్లో అడ్వాన్సుకి ప్రభుత్వం అనుమతించిన పథకం కింద రక్షణ ఉండాలి. తగాదా వస్తే పాడైందని రుజువు చూపాల్సింది ఓనరే, ఎందుకంటే ఆ డబ్బు అద్దెదారుది.

పై పోర్షన్ ఓనర్:
అందరికీ థాంక్సండీ. దిగే రోజు తీసిన ఫోటోలు మావారి ఫోన్‌లో ఉన్నాయి, పిల్లల గది గోడ శుభ్రంగానే ఉంది. ఆ గదికి 40 శాతం, బిల్లు చూపించి అడుగుతాం. హాలు మేమే వేయించుకుంటాం. మీటర్ ఈ రాత్రే చూస్తాం.

మూడిళ్ల యజమాని:
మీ ఇల్లు, మీ ఇష్టమమ్మా. నా అగ్రిమెంటులో ఆ షరతు మాత్రం తీసెయ్యను. ఫోటోలూ జాబితా సంగతి బాగుంది, వచ్చేవాళ్ల నుంచి మొదలుపెడతాను. ఆ జాబితా నమూనా ఒకటి ఇక్కడ పెట్టండి సార్.